పాతకాలపు కార్ల ఇంజను విడిభాగాల గుర్తింపు

పాతకాలపు కార్ల ఇంజను విడిభాగాల గుర్తింపు అనగా వింటేజ్, క్లాసిక్ కార్ల ఇంజనులోని ఒక భాగం కారు తయారైన నాటి అసలు భాగమా, లేక తరువాతి కాలంలో దానిని పోలి చేసినదా అని నిర్ణయించే పద్ధతి. పోతగుర్తులు, లోహం, మరల త్రెడ్డు, కారు పత్రాలు ఇందుకు ముఖ్య ఆధారాలు. వీటిలో ఏ ఒక్కటీ విడిగా రుజువు కాదు. అన్నీ ఒకే కాలాన్ని సూచించినప్పుడే భాగాన్ని అసలుదిగా పరిగణిస్తారు.

ప్రాముఖ్యత

భారత ప్రభుత్వం 2021లో కేంద్ర మోటారు వాహనాల నియమాలను సవరించి వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషను ఏర్పరచింది. మొదటి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న వాహనాలకే ఇది వర్తిస్తుంది. కొత్త రిజిస్ట్రేషను రుసుము 20,000 రూపాయలు. గడువు 10 సంవత్సరాలు. నంబరు పలకపై రాష్ట్ర సంకేతం తరువాత "వి.ఎ." అనే అక్షరాలుంటాయి. అందుచేత ఇంజను అసలుదా కాదా అన్నది కారు వెలకే గాక దాని చట్టపరమైన హోదాకు కూడా సంబంధించిన విషయం.

రకాలు

హైదరాబాదులో రాణీగంజ్, పుత్లీబౌలి వంటి చోట్ల విడిభాగాల వ్యాపారంలో "ఒరిజినల్", "డూప్లికేట్" అనే రెండు మాటలే తరచు వినిపిస్తాయి. నిజానికి ఈ క్రింది రకాలు గలవు.

* అసలు భాగం: కారుతో పాటు కర్మాగారంలో అమర్చినది.
* పాత నిల్వ సరుకు: ఆనాడే తయారై, వాడకుండా మిగిలిపోయినది.
* లైసెన్సు తయారీ: విదేశీ సంస్థ అనుమతితో భారతదేశంలో చేసినది. మద్రాసులో 1961లో ఏర్పడిన లూకాస్-టి.వి.ఎస్. సంస్థ విద్యుత్ పరికరాలు ఇటువంటివి. భారతీయ కారులో ఇది అసలు భాగమే కావచ్చును.
* రీప్రొడక్షన్: తరువాతి కాలంలో, కొత్తదని చెప్పి అమ్మే నమూనా భాగం.
* నకిలీ: వేరొక సంస్థ గుర్తు ముద్రించి అసలుదని నమ్మించేది. ఇది ట్రేడ్ మార్కుల చట్టం, 1999 ప్రకారం నేరం.

గుర్తించే విధానం

పోత: పాత భాగాన్నే నమూనాగా ఇసుక అచ్చులో పెట్టి తిరిగి పోత పోస్తే, లోహం చల్లారినప్పుడు కుంచించుకుపోతుంది. పోత ఇనుములో ఇది సుమారు 1 శాతం. అనగా అసలు భాగంలో 100 మిల్లీమీటర్లున్న కొలత నకలులో 99కి దగ్గరగా వస్తుంది. యంత్రంపై చెక్కిన ముఖాల కొలతలు సరిచేయబడి ఉంటాయి గనుక, చెక్కని భాగాలనే కొలవాలి. ఉబ్బెత్తు అక్షరాల అంచులు మొద్దుబారి ఉండటం కూడా ఇటువంటి పోతకు సూచన.

సంఖ్యలు: బ్రిటిష్ లూకాస్ డిస్ట్రిబ్యూటర్లు అనేకం భాగం సంఖ్యతో పాటు తయారైన వారం, సంవత్సరం కలిగి ఉంటాయి. "23 65" అనగా 1965లో 23వ వారం. ఈ తేదీ కారు తయారీకి కొంత ముందుండటం సహజం. కారు కంటే తరువాతిదైతే ఆ భాగం మార్చబడినదని అర్థం. ఎస్.యు. కార్బురేటరు గుర్తింపు సంఖ్య ఫ్లోట్ ఛాంబరు మూత మరకు తగిలించిన చిన్న పలకపై ఉంటుంది. పలకను ఊడదీసి మరొకదానికి తగిలించడం సులభం కనుక దీనిని మాత్రమే నమ్మరాదు. ఇంజను సంఖ్యను రిజిస్ట్రేషను పత్రంతో పోల్చాలి. అంకెల చుట్టూ అరగదీసిన ఆనవాళ్ళుంటే తిరిగి కొట్టినట్లు అనుమానించాలి.

మరలు: మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుండి రూపొందిన అంబాసిడర్ (1957-2014) 1489 సి.సి. ఇంజనులో మెట్రిక్ త్రెడ్డు బోల్టులు కనిపిస్తే అవి తరువాత వేసినవి కావచ్చును. ఇటలీ ఫియట్ 1100 నుండి వచ్చిన ప్రీమియర్ పద్మినిలో మెట్రిక్ త్రెడ్డు సహజమే. కారు మూలం తెలియకుండా ఈ పరీక్ష పనికిరాదు.

పెట్టె: భారతదేశంలో పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. ఆరంకెల పిన్‌కోడ్ గల పెట్టె 1960ల నాటిది కాజాలదు. "చెన్నై" అను పేరు 1996 తరువాతిది, జి.ఎస్.టి. సంఖ్య 2017 తరువాతిది. అయితే ఖాళీ పాత పెట్టెలో కొత్త భాగం పెట్టవచ్చును గనుక పెట్టె బలహీనమైన ఆధారం.

హైదరాబాదులో

చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శింపబడుతున్న 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయ్స్ సిల్వర్ ఘోస్ట్ నిజాముల కార్లలో ప్రసిద్ధమైనది. ఆనాటి సిల్వర్ ఘోస్ట్ ఇంజను సామర్థ్యం 7,428 సి.సి.; ఆరు సిలిండర్లను మూడేసి చొప్పున రెండు దిమ్మలుగా పోత పోసేవారు. ఇంతటి పాత కార్లకు భాగాలు అంగడిలో సులభంగా దొరకవు గనుక కొన్నింటిని విడిగా చేయించవలసి వస్తుంది.

హైటెక్ సిటీకి చేరువలో రాయదుర్గంలో 2023 మార్చి 2న ప్రారంభమైన టి-వర్క్స్ వంటి నమూనా తయారీ కేంద్రాలలో త్రీడీ ప్రింటింగు, సి.ఎన్.సి. యంత్రాలు గలవు. భాగాన్ని త్రీడీ స్కానింగు చేసి కుంచింపును ముందే లెక్కకట్టి అచ్చు చేస్తే పైన చెప్పిన కొలత పరీక్షలో తేడా కనబడదు. అటువంటప్పుడు లోహ పరీక్ష, కారు చరిత్ర పత్రాలే మిగిలే ఆధారాలు. అందుకే కొత్త భాగంపై బయటికి కనబడని చోట తయారీ సంవత్సరం చెక్కడం మంచి పద్ధతి.

వాడకంలో జాగ్రత్తలు

అసలు భాగం ఎల్లప్పుడూ సురక్షితం కాదు. పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రంలు నిల్వలోనే ఎండి పగులుతాయి. 2023 నుండి దేశంలో ప్రవేశపెట్టిన 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు అవి తట్టుకోలేక కారితే మంటలు అంటుకునే ప్రమాదమున్నది. ఇటువంటి చోట ఇథనాల్‌ను తట్టుకునే కొత్త భాగాన్నే వాడాలి. తీసివేసిన అసలు భాగాన్ని పారవేయక, మార్చిన తేదీ, కారణం వ్రాసి భద్రపరచాలి. ఆ భాగమూ, ఆ వ్రాతా కారుతోపాటు తదుపరి యజమానికి చేరితే ఆ కారు చరిత్ర చెడదు.