కొట్టడం నుంచి వినడం దాకా

హార్ట్ బ్లాక్ అనగానే మనవాళ్లకు రక్తనాళాల్లో బ్లాకులు, స్టెంట్లు గుర్తొస్తాయి. ఇది వేరు. ఇక్కడ తెగేది కరెంటు దారి. గుండె పై గదుల్లో పుట్టిన సంకేతం కింది గదులకు అందదు. నాడి నిమిషానికి 30, 40కి పడిపోయి మనిషి ఉన్నచోటే కుప్పకూలతాడు.

1952లో బోస్టన్‌లో పాల్ జోల్ ఛాతీ మీదుగా షాకులిచ్చి గుండెను ఆడించాడు. ప్రాణం నిలిచేది, చర్మం కాలేది. 1957 అక్టోబరు 31న మినియాపొలిస్‌లో కరెంటు పోయింది. గోడ ప్లగ్గు కరెంటుతో గుండె ఆడుతున్న పసిపిల్లల గతేమిటని సర్జన్ లిల్లెహై తల్లడిల్లాడు. ఆయన కోరడంతో ఇంజనీరు ఎర్ల్ బాకెన్ ఓ పత్రికలో చూసిన మెట్రోనోమ్ సర్క్యూట్‌ను, అంటే సంగీతానికి తాళం వేసే దాన్ని, బ్యాటరీతో నడిచే పేస్‌మేకర్‌గా మలిచాడు.

మరుసటి ఏడాది అక్టోబరు 8న స్టాక్‌హోమ్ దగ్గర ఆర్నే లార్సన్ ఒంట్లోనే పేస్‌మేకర్ పెట్టారు. రోజుకు ఇరవై ముప్పై సార్లు స్పృహ తప్పే మనిషి. ఆయన భార్య ఎల్సె-మారీ వెంటపడి అడగబట్టే సర్జన్ సెన్నింగ్, ఇంజనీరు ఎల్మ్‌క్విస్ట్ సాహసించారు. షూపాలిష్ డబ్బాను అచ్చుగా పెట్టి ఎపాక్సీ పోసి చేసిన ఆ బిళ్ల కొన్ని గంటలకే ఆగిపోయింది. అయినా లార్సన్ ఇరవైకి పైగా యంత్రాలు మార్చుకుంటూ 2001 దాకా, 86 ఏళ్లు బతికాడు. ఆ భార్య పట్టుదలను ఈ చరిత్రలో ముందు వరుసలో నిలపాలంటాను.

ఆ తొలి యంత్రాలకు కొట్టడమే తెలుసు, వినడం తెలీదు. గుండె తనంతట తాను కొట్టుకుంటే ఊరుకునే ‘డిమాండ్’ రకం అరవయ్యో దశకంలో వచ్చింది. కానీ ఒకే తీగతో కింది గదిని మాత్రమే కొడితే పై గదితో జత కుదరదు. కొందరికి తల తిరుగుడు, ఆయాసం. హార్ట్ బ్లాక్‌లో చాలామందికి పై గది లయ చక్కగానే ఉంటుంది కాబట్టి, దాన్ని విని కింది గదిని పలికించే రెండు తీగల రకమే వాళ్లకు సహజమని నా అభిప్రాయం. అయితే 70 దాటినవారిపై బ్రిటన్‌లో జరిగి 2005లో వెలువడిన పెద్ద పరిశోధనలో రెండు రకాలకూ ఆయుష్షులో తేడా తేలలేదు.

తర్వాత మరో సంగతి బయటపడింది. కుడి కింది గది కొసన ఏళ్ల తరబడి కొడితే కొందరి గుండె బలహీనపడుతుంది. అందుకే తీగను ఎడమ కరెంటు దారి పక్కనే దించే పద్ధతిని చైనా వైద్యుడు హువాంగ్ బృందం 2017లో ప్రకటించింది.

అసలు తీగే లేని పేస్‌మేకర్ మైక్రాకు అమెరికాలో 2016లో అనుమతి దొరికింది. బరువు రెండు గ్రాములు. మొదట్లో అదీ కింది గదినే వినేది. 2020లో వచ్చిన రకం కింది గదిలోనే ఉండి, పై గది ముడుచుకున్నప్పటి కదలికను పసిగట్టి దాని వెంటే కొడుతుంది.