పుట్టిన గడ్డ జట్టు - బ్రతుకుతెరువు గడ్డ జట్టు

ఉగాదినాడు పంచాంగ శ్రవణము జరుగుతూ వుంటే ప్రతివారూ తమ రాశి వచ్చేవరకు చెవులు రిక్కించుకొని కూర్చుంటారు. ఫలము బాగుంటే నమ్ముతారు. బాగులేకపోతే "చూద్దాం లెండి" అని లేచిపోతారు. బంతాట అభిమానులూ యిట్టివారే. ఆటల కాలము మొదలు కాకముందే ప్రతి అభిమానీ తన జట్టుకు పంచాంగము తానే వ్రాసుకుంటాడు. అందులో ఆదాయమే గాని వ్యయముండదు. రాజపూజ్యమే గాని అవమానముండదు.

భివండీలో వున్న మనకు ఈ విషయములో ఒక చిక్కు కలదు. మన ఉగాదినాడే ఇరుగుపొరుగు మరాఠీ సోదరుల గుడి పాడ్వా. వారింటి ముంగిట గుడి నిలుస్తుంది, మన గడపకు మామిడాకు తోరణము వ్రేలాడుతుంది. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ జిల్లాల నుండి వచ్చి పద్మనగరులో కాపురాలు పెట్టి, సాంచెల చప్పుడు మధ్య పిల్లలను పెంచుకొన్నవారికి, పుట్టిన గడ్డ ఒకటి, బ్రతుకుతెరువు చూపిన గడ్డ మరొకటి. ఈ రెండు గడ్డల జట్లు మైదానములో ఎదురెదురుగా నిలిస్తే మనము ఎవరి పక్షము? ఇది వేళాకోళపు ప్రశ్న కాదు. హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్రలో దీనికి సమాధానము దొరుకుతుంది.

బొంబాయిలో రోవర్స్ కప్పు అనే పోటీ 1891లో ఆరంభమైనది. మొదట చాలా ఏండ్లు బ్రిటిషు పటాలముల జట్లే దానిని గెలుచుకుంటూ వచ్చాయి. 1937లో బెంగుళూరు ముస్లిమ్స్ జట్టు గెలిచి, ఆ కప్పు అందుకొన్న మొదటి భారతీయ జట్టు అయినది. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు ఆ కప్పును ఎవరికీ వదలలేదు. బొంబాయి కూపరేజ్ మైదానములో, బొంబాయి ప్రజల కండ్ల ఎదుట సాధించిన ఘనత యిది. 1950లోనే ఢిల్లీలో జరిగిన డ్యూరాండు పోటీలో కలకత్తాకు చెందిన మోహన్ బగాన్ జట్టును ఓడించి ఆ కప్పును కూడ హైదరాబాదుకు తెచ్చారు.

ఈ జట్టును తీర్చిదిద్దినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన 1909లో హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయపు జట్టులో ఆడారు. సిటీ కళాశాల విద్యార్థులు, పూర్వ విద్యార్థులు కలిసి ఏర్పరచుకొన్న 'ఎలెవెన్ హంటర్స్' జట్టులోనూ ఆడారు. వృత్తిచేత ఉపాధ్యాయుడు. కనుక హైదరాబాదు బంతాట పోలీసు బారకాసులలో పెరిగినదే అయినా, దాని వేళ్ళు కొంతవరకు కళాశాల మైదానములలో వున్నవని గ్రహించాలి. రహీం 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి అయినారు. 1950 నుండి పోలీసు జట్టుకు శిక్షణ యిచ్చారు. బంతిని కాలిదగ్గరే వుంచుకొని ఒంటరిగా పరుగెత్తడము పనికిరాదన్న నియమముతో కొన్ని పోటీలు, అలవాటు లేని కాలితోనే ఆడాలన్న నియమముతో మరికొన్ని పోటీలు జరిపించారు. బంతిని వెంటనే తోటివానికి అందించడము, రెండు కాళ్ళనూ సమానముగా వాడడము యీ విధముగా కుర్రవాళ్ళకు అలవడినది. మగ్గము దగ్గర రెండు చేతులూ పనిచేయనివాడు నేతగాడు కాలేడు గదా!

ఇక అభిమానుల పోటీలకు పుట్టినిల్లు కలకత్తా. 1920లో స్థాపితమైన ఈస్టు బెంగాలు క్లబ్బు తూర్పు బెంగాలు నుండి వచ్చినవారి జట్టు. 1947 విభజన తరువాత యిల్లూ వాకిలీ విడిచి వచ్చిన లక్షలాది జనానికి అది ఆశాజ్యోతి అయినది. మోహన్ బగాన్ స్థానికుల జట్టు. ఒకరిది పులస జాతి చేప ఇలీశు, మరొకరిది రొయ్య. గెలిచినవారి చేప ఆనాడు బజారులో ప్రియమవుతుందని అక్కడ చెప్పుకుంటారు. పొట్టచేత పట్టుకొని వచ్చినవానికి ఒక జట్టు ఎంత అవసరమో ఈస్టు బెంగాలు కథ చెబుతుంది. చిత్రమేమంటే, ఆ జట్టు ముందువరుసలో 'పంచ పాండవులు' అని పేరుపొందిన అయిదుగురిలో బెంగాలీ ఒక్కడూ లేడు. వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే, అందరూ దక్షిణాదివారే. తరువాత మన సికింద్రాబాదు బిడ్డ తులసీదాస్ బలరాం అక్కడికి వెళ్ళి 1961లో ఆ జట్టుకు నాయకత్వము వహించాడు. అనగా వలసవచ్చినవారి జట్టును మరొక వలసవచ్చినవాడు నడిపించాడన్నమాట!

ఇప్పుడు మన చిక్కుకు వద్దాము. జాతీయ పోటీ అయిన సంతోష్ ట్రోఫీ ఆఖరి ఆటలో 1956-57లో హైదరాబాదు, బొంబాయి ఎదురెదురుగా నిలిచాయి. హైదరాబాదు గెలిచినది. మరుసటి యేడు, 1957-58లో, మళ్ళీ ఆ రెండు జట్లే, మళ్ళీ హైదరాబాదే. 1963-64లో మద్రాసులో మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్ తలపడినప్పుడు మహారాష్ట్ర ఒక్క గోలుతో గెలిచి బాకీ తీర్చుకొన్నది. ఇంతటి పోటీ వున్న ఆ రోజులలోనే, 1956 మెల్బోర్న్ ఒలింపిక్సుకు వెళ్ళిన భారత జట్టును చూడండి. శిక్షకుడు హైదరాబాదు రహీం. ఆస్ట్రేలియాను 4-2తో ఓడించిన ఆటలో మూడు గోళ్ళు కొట్టినవాడు బొంబాయిలో ఆడే నెవిల్ డిసౌజా. ఒలింపిక్సు ఫుట్‌బాలులో ఒకే ఆటలో మూడు గోళ్ళు చేసిన మొదటి ఆసియావాసి అతడే. హైదరాబాదు బుద్ధి, బొంబాయి కాలు కలిసి భారతదేశమునకు నాలుగవ స్థానము తెచ్చిపెట్టాయి. తమలో తాము గట్టిగా పోటీపడినందుచేతనే కలిసి ఆడేనాటికి ఒకరి బలము ఒకరికి తెలిసినది.

1962 జకార్తా ఆసియా క్రీడలలో ఆఖరి ఆటనాడు రాజకీయ కారణములవల్ల అక్కడి ప్రేక్షకులు మన జట్టును ఎగతాళి చేస్తూ కేకలు వేశారు. అయినా దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మనవాళ్ళు స్వర్ణము తెచ్చారు. అప్పటికే జబ్బుపడి వున్న రహీం 1963 జూన్ 11న కన్నుమూశారు.

అయితే పోటీ హద్దు మీరితే ఏమవుతుందో కూడ చరిత్రలో వున్నది. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్సులో ఈస్టు బెంగాలు, మోహన్ బగాన్ ఆట చూడవచ్చిన వారిలో 16 మంది అభిమానులు తొక్కిసలాటలో ప్రాణాలు పోగొట్టుకొన్నారు. బంతి కోసం తల్లుల కడుపుకోత! పక్షములు కక్షలుగా మారితే ఊరు ఎట్లా మండుతుందో 1970లోనూ 1984లోనూ చూచిన భివండీకి మరొకరు చెప్పనక్కరలేదు. మన పిల్లలకు నేర్పవలసిన మొదటి పాఠము యిదే: ఎదుటి జట్టు వుంటేనే ఆట, వాడు లేకపోతే మన గెలుపూ లేదు.

రెండవ పాఠము కొంచెము చేదైనది. రహీం తరువాత హైదరాబాదు వైభవము నిలువలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచినా, నయీముద్దీన్, హబీబ్ వంటి మేటి ఆటగాళ్ళు కలకత్తా దారి పట్టారు. పని వెతుక్కుంటూ మనము భివండీకి వచ్చినట్లే వారూ వెళ్ళారు. వారిని తప్పుపట్టే హక్కు మనకెక్కడిది? రోవర్స్ కప్పు కూడ 2000-01తో ఆగిపోయినది. 2019లో హైదరాబాదు ఎఫ్.సి. అనే కొత్త జట్టు పుట్టి, 2022 మార్చి 20న గోవాలో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పుడు పాతరోజులు తిరిగివచ్చినవని అందరూ సంబరపడ్డారు. కొద్ది కాలములోనే ధనము చాలక ఆటగాళ్ళు చెల్లాచెదరైనారు. 2025లో ఆ జట్టు పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయినది. యజమాని జట్టును ఎత్తుకుపోగలడు. గల్లీలో బంతి తన్నే కుర్రవాళ్ళను మాత్రము ఎవరూ ఎత్తుకుపోలేరు. రహీం మాస్టారు కప్పుల కంటె ముందు కుర్రవాళ్ళను పోగుచేసినది అందుకే.

కాబట్టి ఈ కొత్త సంవత్సరములో మనము ఆశ పెట్టుకొనవలసిన జట్టు ఎక్కడో లేదు. రెండు పూటలా సాంచెల మీద నిలబడే తండ్రులు, కండెలు చుట్టే తల్లులు తమ పిల్లలకు సాయంకాలము ఒక గంట, ఒక బంతి, ఆడుకొనేందుకు కాస్త జాగా చూపగలిగితే చాలును. తెలుగు పిల్లవాడు, మరాఠీ పిల్లవాడు, ఉర్దూ మాట్లాడే పిల్లవాడు కలిసి పదకొండుమంది అయిననాడు ఆ జట్టుకు శిక్షకుడు తానే దొరుకుతాడు.

ఇక హైదరాబాదు, ముంబయి తలపడిననాడు ఎవరి పక్షమంటారా? బట్ట నేసేవానిని పడుగు పక్షమా, పేక పక్షమా అని అడిగితే ఏమి చెబుతాడు? పుట్టిన గడ్డ మనకు పడుగు, బ్రతికించిన గడ్డ పేక. రెండూ గట్టిగా వుంటేనే గుడ్డ నిలుస్తుంది. బాగా ఆడినవానికి చప్పట్లు కొట్టుదాము. ఓడినవానికి ఉగాది పచ్చడిలో వేపపువ్వు పాలు కాస్త ఎక్కువైనదని నచ్చజెబుదాము. మరుసటి ఏడు బెల్లము పాలు ఎక్కువ కావచ్చును గదా!

సోదర సోదరీమణులందరికీ నూతన సంవత్సరము శుభప్రదమగు గాక.