వెలిమెల భూములు: రెండు కాలమ్‌ల నుంచి ఒక్క బోర్డు దాకా

ఈ ఎపిసోడ్‌లో సంగారెడ్డి జిల్లా రామచంద్రాపురం మండలంలోని వెలిమెల గురించి మాట్లాడుకుందాం. కొల్లూరు, తెల్లాపూర్, ఉస్మాన్‌నగర్, వెలిమెల... ఈ వైపు వెళ్తే దారి పొడవునా బోర్డులే. "ఈ స్థలం డెవలప్‌మెంట్‌కు ఇవ్వబడును", "ఓఆర్ఆర్‌కు అయిదు నిమిషాలు", "క్లియర్ టైటిల్". చేను ఇట్లా ఇన్వెస్టర్ ముందుకు రావడం వెనక డెబ్భై ఏళ్ల చరిత్ర ఉంది.

నిజాం కాలం నుంచి మొదలుపెడదాం. అప్పట్లో హైదరాబాద్ చుట్టుపక్కల భూములు మూడు రకాలు. ప్రభుత్వానివి దీవానీ, నిజాం సొంత ఖర్చుకు వచ్చేవి సర్ఫేఖాస్, మిగతావి జాగీర్లు. 1949లో సర్ఫేఖాస్ దీవానీలో కలిసింది, జాగీర్లు రద్దయ్యాయి. 1950లో వచ్చిన కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారుకు హక్కు ఇచ్చింది. ఆ తర్వాత 1954-55లో ఖాస్రా పహాణీ రాశారు. ఇవాళ్టికీ భూమి తగాదా వస్తే లాయర్లు మొదట అడిగేది దీన్నే. ఎందుకంటే అందులో పట్టాదారు పేరు ఒక కాలమ్‌లో, భూమి ఎవరి అనుభవంలో ఉందో ఇంకో కాలమ్‌లో ఉంటుంది. అంటే పేరు ఒకరిది, నాగలి ఇంకొకరిది కావచ్చని రికార్డే ఒప్పుకుంది.

తర్వాత ఫ్యాక్టరీలొచ్చాయి. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్, ఆ వెనకే పారిశ్రామికవాడ. నక్కవాగు కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. అయితే అప్పటికి వెలిమెల వైపు భూమిని జనం ఎకరాల్లో, గుంటల్లోనే లెక్కపెట్టేవాళ్లు. గజాల లెక్క ఔటర్ రింగ్ రోడ్డుతో వచ్చింది. 158 కిలోమీటర్ల ఆ రోడ్డులో గచ్చిబౌలి–శంషాబాద్ భాగం 2008లో తెరుచుకుంది. తర్వాతి కొన్నేళ్లలో కొల్లూరు, పటాన్‌చెరు వైపూ పూర్తయింది. 2018లో వెలిమెల తెల్లాపూర్ మున్సిపాలిటీలో కలిసింది. 2023 ఆగస్టులో ఇదే రోడ్డు పక్కనున్న కోకాపేటలో హెచ్ఎండీఏ వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది. దాంతో ఓఆర్ఆర్ చుట్టూ ఉన్న ప్రతి ఊరి రైతు తన చేనును ఆ అంకెతో పోల్చి చూసుకున్నాడు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ ధర రైతు పెంచిందీ కాదు, బిల్డర్ పెంచిందీ కాదు. ప్రజల డబ్బుతో వేసిన రోడ్డు పెంచింది. ఆ లాభం ఎవరికి చేరుతుందనేది కాగితాల్లో తేలుతుంది.

డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ అంటే ఏంటి? భూమి ఓనర్‌ది, పెట్టుబడి బిల్డర్‌ది. కట్టినదాంట్లో చెరింత వాటా. దీనికి తోడు జీపీఏ రాస్తారు. చాలామంది దీన్ని అమ్మకం అనుకుంటారు, కాదు. జీపీఏ మీద జరిగే అమ్మకాలతో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో చెప్పింది. నిజమైన డెవలప్‌మెంట్ ఒప్పందాలకు ఇబ్బంది లేదని అదే తీర్పులో అంది. అట్లాగే 2016 నాటి రెరా చట్టం ప్రకారం, దాని పరిధిలోకి వచ్చే ప్రాజెక్టుకు రిజిస్ట్రేషన్ కాకముందు ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. మరి "ప్రీ లాంచ్ ఆఫర్" అంటే ఏంటో మీరే ఆలోచించండి.

ఇంకోటి, అసైన్డ్ భూములు. భూమి లేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమిని అమ్మకూడదు, కొనకూడదు అని 1977 చట్టం చెప్తుంది. బోర్డు మీద మాత్రం అసైన్డ్ చేనూ, పట్టా చేనూ ఒకేలా కనిపిస్తాయి.

2020లో ధరణి వచ్చింది. అందులో అనుభవదారు కాలమ్ లేదు. 2025లో దాని స్థానంలో భూ భారతి తెచ్చారు. ఇన్వెస్టర్‌కి కావాల్సింది ఒకే పేరు, ఒకే సంతకం. ఆ భూమి చరిత్రలో మాత్రం రెండు కాలమ్‌లు ఉన్నాయి. రెండో కాలమ్‌లో ఉన్నవాళ్లు కౌలుదారులు, అసైన్డ్ పట్టా పొందినవాళ్లు, పంచుకోని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. బోర్డు మీద వీళ్ల పేర్లు ఉండవు. పదేళ్ల తర్వాత కోర్టులో ఉంటాయి.

అందుకే భూమి ఇచ్చేవాళ్లయినా, పెట్టుబడి పెట్టేవాళ్లయినా ఓఆర్ఆర్ ఎన్ని నిమిషాలని అడిగే ముందు ఖాస్రా పహాణీ తీయించండి. ఆ సర్వే నంబర్‌లో 1954-55లో దున్నింది ఎవరో చూడండి. ఇప్పుడు వాళ్ల పిల్లలు ఎక్కడున్నారో కనుక్కోండి.

మీ ఊరి పహాణీల గురించి మీకు తెలిసింది కూడా చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, సెలవు.