మన పేర్లు ప్రశ్నార్థకాలైన వారం: టామ్‌క్యాట్ అప్‌గ్రేడ్‌ల వెనక చరిత్ర

సోలాపూర్ నుంచి రాస్తున్నాను. ఈసారి మగ్గాల చరిత్ర కాదు, మన సభ్యుల జాబితా నడిచే సర్వర్ చరిత్ర. పోస్టు కొంచెం పొడుగే. కానీ ఇది మన పేర్ల సంగతి, ఓపికతో చదవండి.

పోయిన ఏడాది సభ్యుల జాబితా సర్వర్‌ను టామ్‌క్యాట్ 7 నుంచి 9కి మార్చాం. మార్చింది నేనే. లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా లేదు, పేజీలన్నీ తెరుచుకున్నాయి, సంతోషంగా ఇంటికి పోయాను. తరువాతి ఆదివారం ఒక పెద్దమ్మ ఆఫీసుకొచ్చి తన కొత్త కార్డు బల్ల మీద పెట్టింది. "అడ్రస్ మార్చమంటే నా పేరే తీసేసినవా బిడ్డా?" అంది. పేరు ఉండాల్సిన చోట వరసగా ఎనిమిది ప్రశ్నార్థకాలు! కింద మరాఠీలో రాసిన పేరుదీ అదే గతి. ఇంటి నంబరు, ఫోన్ నంబరు మాత్రం చెక్కుచెదరలేదు.

కొందరు "పేరు మరాఠీలోనే ఉంచితే సరిపోదా" అన్నారు. సరిపోదు. మరాఠీ రాతలో మనలాగా ఎ, ఏ అని రెండు లేవు, ఒ, ఓ అని రెండు లేవు. రేషన్ కార్డులో, బడి రికార్డులో మన ఇంటిపేర్లు ఆ రాతలోనే ఉంటాయి, పిల్లలు అలాగే పలకడం నేర్చుకుంటారు. అసలు పలుకు తెలిసేలా పేరు రాసి ఉన్న పుస్తకం చాలా ఇళ్లకు మన సంఘం జాబితా ఒక్కటే. అందుకే ఆ పెద్దమ్మ ప్రశ్నకు నాకు నిద్ర పట్టలేదు. తవ్వుకుంటూ పోతే పాతికేళ్ల చరిత్ర బయటపడింది.

టామ్‌క్యాట్ మొదట సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీలో పుట్టింది. జేమ్స్ డంకన్ డేవిడ్‌సన్ అనే ఇంజినీరు దాన్ని రాశారు. సన్ కంపెనీ దాన్ని 1999లో అపాచీ సంస్థకు ఇచ్చేసింది. తన బాగు తాను చూసుకునే జంతువు అని ఆయన మగపిల్లి పేరు పెట్టారట. డబ్బు పెట్టి కొనక్కరలేదు కాబట్టి చిన్న సంఘాలు, కాలేజీలు, సొసైటీలు దాన్నే పెట్టుకున్నాయి. మన జాబితా కూడా అలాగే దాని మీదికి వచ్చింది.

ఆ రోజుల్లో వెబ్ అంతా పడమటి యూరప్ అక్షరాల లెక్కతో నడిచేది. ఆ లెక్క పేరు లాటిన్-1. అందులో మొత్తం 256 గళ్లు, తెలుగుకు ఒక్క గడి కూడా లేదు. ఏ లెక్కో చెప్పకుండా వచ్చిన సమాచారాన్ని సర్వర్ లాటిన్-1గానే చదివేది. నిజానికి యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. ఆ అక్షరాలను పంపే యూటీఎఫ్-8 పద్ధతి 1992లో వచ్చింది. అయినా లింకులో వచ్చే అక్షరాలను టామ్‌క్యాట్ తనంతట తాను యూటీఎఫ్-8గా చదవడం మొదలుపెట్టింది 8వ వెర్షన్‌తో, అంటే 2014లో. అన్నేళ్లూ మన అక్షరానికి చోటు ఉంది కానీ, గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషికి ఆ సంగతి తెలియదు.

మన సాఫ్ట్‌వేర్ రాసింది అప్పట్లో కాలేజీలో ఉన్న మన వాడకట్టు కుర్రాడే. తెలుగు పేరు వెతికితే చెత్త అక్షరాలు వస్తున్నాయని గమనించి, కోడ్‌లో ఒక లైను కలిపాడు. సర్వర్ తప్పుగా చదివిన దాన్ని తిరిగి లాటిన్-1 బైట్లుగా మార్చి, ఆ బైట్లను యూటీఎఫ్-8గా మళ్లీ చదివించాడు. టామ్‌క్యాట్ 7 మీద అది సరైన మందే. చాలా దేశాల్లో చాలామంది అదే లైను రాశారు.

9కి మారాక ఏమైంది? సర్వర్ పేరును మొదటిసారే సరిగ్గా చదివింది. పాత లైను మాత్రం తన పని తాను చేసుకుపోయింది. సరైన తెలుగును లాటిన్-1లో కుక్కబోయింది. చోటు లేని ప్రతి గుర్తుకూ జావా ఒక ప్రశ్నార్థకం పెడుతుంది. ఎర్రర్ ఇవ్వదు, లాగ్‌లో రాయదు. రోగం తగ్గినా మందు ఆపలేదన్నమాట. పైగా మన అడ్రస్ మార్చే ఫారం పేరుతో సహా సమాచారమంతా లింకులోనే పెట్టి పంపుతుంది. అందువల్ల ఆ వారం అడ్రస్ మార్చుకున్న తొమ్మిది మంది పేర్లు పోయాయి.

ఇక్కడ అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన తేడా ఒకటుంది. తెర మీద తలపై గీత ఉన్న చిన్న ఇంగ్లీషు ఏ, దాని పక్కన డిగ్రీ సున్నా గానీ, ప్లస్ మైనస్ గుర్తు గానీ మళ్లీ మళ్లీ కనిపిస్తే అది తప్పుగా చదివిన తెలుగు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు, మొదటి రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి అలా కనిపిస్తుంది. డిగ్రీ సున్నా చోట జపాన్ యెన్ గుర్తు లాంటిది ఉంటే అది మరాఠీ. ఈ రెండింటిలో అక్షరం మారువేషంలో ఉంది, సాధారణంగా తిరిగి తీసుకురావచ్చు. డేటాబేసులోనే ప్రశ్నార్థకాలు పడి ఉంటే మాత్రం అక్షరం పోయినట్టే. ఏ కోడూ దాన్ని తేలేదు. బ్యాకప్ గానీ, కాగితం గానీ ఉండాలి.

మనకు రెండూ ఉన్నాయి. అప్‌గ్రేడ్‌కు ముందురాత్రి తీసిన బ్యాకప్ నుంచి ఎనిమిది పేర్లు వచ్చాయి. తొమ్మిదో ఆయన ఆ వారమే కొత్తగా చేరి, వెంటనే అడ్రస్ దిద్దించుకున్నాడు. ఆయన పేరు కాగితం ఫారం చూసి ఎక్కించాం. సర్వర్ సెట్టింగుల ఫైలులో లింకు అక్షరాలను మళ్లీ లాటిన్-1గా చదవమని ఒక మాట రాసి, ఆ పూటకు నష్టం ఆపాను. తరువాత కోడ్‌లో పాత లైను ఎక్కడెక్కడ ఉందో వెతికి తీసేసి, ఆ సెట్టింగు కూడా తొలగించాను. అసలు వైద్యం అదే.

పెద్ద వెర్షన్ మారితేనే ప్రమాదం అనుకోకండి. 2020 ఫిబ్రవరిలో ఘోస్ట్‌క్యాట్ అనే భద్రతా లోపం బయటపడింది. టామ్‌క్యాట్ 8009 పోర్టును మామూలుగా తెరిచే ఉంచేది. దాని ద్వారా బయటివాళ్లు సెట్టింగుల ఫైళ్లు చదివే వీలుండేది. 9.0.31లో దాన్ని సరిచేశారు. ఆ పోర్టును మూసి ఉంచడం, తెరిస్తే రహస్య పదం అడగడం మామూలు పద్ధతి అయింది. మంచి పనే. కానీ ముందు వేరే వెబ్ సర్వర్ పెట్టి ఆ పోర్టు మీదే నడుపుకుంటున్న వాళ్ల సైట్లు, చివరి అంకె ఒక్కటి మారినందుకే ఆగిపోయాయి.

ఇప్పుడు మన ముందున్నది 10వ వెర్షన్. ఇక్కడి గొడవ కూడా పేరు గొడవే. 2017లో ఒరాకిల్ కంపెనీ జావా ఎంటర్‌ప్రైజ్ పనిని ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగిస్తున్నట్టు ప్రకటించింది. జావా అనే పేరు హక్కు మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. పాత కోడ్ పేర్లన్నీ జావాఎక్స్ అని మొదలవుతాయి. ఆ పేరు కింద కొత్త మార్పులు చేసే విషయంలో 2019లో రెండు పక్షాలకూ ఒప్పందం కుదరలేదు. అందుకని 2020లో వచ్చిన జకార్తా ఈఈ 9లో వాటి ఇంటిపేరే జకార్తా అని మార్చేశారు. చిత్రం ఏమిటంటే, 1999లో అపాచీ టామ్‌క్యాట్‌ను పెంచిన ప్రాజెక్టు పేరు కూడా జకార్తాయే.

టామ్‌క్యాట్ 10కి కొత్త ఇంటిపేరు ఒక్కటే తెలుసు. పాత కోడ్‌ను అలాగే పెడితే క్లాసు దొరకలేదని ఎర్రర్ వస్తుంది. కొన్నిసార్లు ఎర్రరే రాదు, ప్రతి పేజీకీ 404 వస్తుంది. కెటలీనా లాగ్‌లో "ఏదో మొదలవలేదు" అన్నంతే ఉంటే, లోకల్‌హోస్ట్ పేరుతో తేదీ వేసి ఉన్న లాగ్ తెరవండి, అసలు కారణం చాలాసార్లు అక్కడ ఉంటుంది. పాత అప్లికేషన్ కోసం వాళ్లు వెబ్‌యాప్స్-జావాఈఈ అనే ఫోల్డర్ దారి పెట్టారు. అందులో వేస్తే సర్వరే పేర్లు మార్చి నడుపుతుంది. ముందు వేరే కంప్యూటర్లో, ఉత్తుత్తి పేర్లతో చూశాకే మనం మారుదాం. పాత సెట్టింగుల ఫైలును కొత్తదాని మీద కాపీ కొట్టేయకుండా, మనం మార్చిన లైన్లు మాత్రమే ఒక్కొక్కటిగా ఎక్కిద్దాం.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఆ కుర్రాడు రాసిన లైనులో తప్పు లేదు. అది ఎందుకు రాశాడో ఎక్కడా రాసి పెట్టకపోవడమే తప్పు. అడగకపోవడం నా తప్పు. ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో గుర్తు చేసుకుని చెప్పాడు. ఇప్పుడు ఆఫీసు బీరువాలో వసూళ్ల పుస్తకం పక్కన ఒక నోటుబుక్కు పెట్టాను. ఏ సెట్టింగు, ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో అందులో రాయాలి. నా తరువాత ఈ పని చూసేవాళ్లు మొదట అది చదవాలి.

ఒక మనవి. అందరూ మీ మీ కార్డులు తీసి, తెలుగులో పేరు సరిగ్గా ఉందో లేదో ఒకసారి చూసుకోండి. ఎ, ఏ తేడాతో సహా చూడండి. తప్పుంటే ఆదివారం ఆఫీసుకు రండి. పెద్దమ్మ పేరు తిరిగి వచ్చింది, కొత్త కార్డు నేనే ఇంటికి తీసుకెళ్లి ఇచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాకే నాకు చాయ్ ఇచ్చింది.