సర్కారు బడి మన దాకా ఎట్ల వచ్చింది

మనలో చాలామంది పాస్‌పోర్టులో ఈసీఆర్ అనే ముద్ర ఉంటది. ఎక్కువగా పదో తరగతి పాసైన కాగితం లేనివాళ్ళకు పడే ముద్ర అది. 1983 వలస చట్టం కింద 18 దేశాలకు పనికి పోవాలంటే ఈ ముద్ర ఉన్నవాళ్ళు ప్రొటెక్టర్ ఆఫీసు నుంచి క్లియరెన్సు తెచ్చుకోవాలి. మనం పని చేసే గల్ఫు దేశాలన్నీ ఆ 18లో ఉన్నాయి. పదో తరగతి మెమో ఉన్నవాడికి ఆ తిప్పలు లేవు. ఊర్లో మన చదువు ఎక్కడ ఆగిందో ఆ లెక్క విమానాశ్రయం దాకా మన వెంట వస్తది. అందుకే ఈ ఏడాది పుస్తకంలో సర్కారు చదువు చరిత్ర రాద్దాం అనుకున్నాం.

మన తాతల కాలం నుంచి మొదలుపెడదాం. తెలంగాణ అప్పుడు నిజాం రాజ్యం. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ పెట్టారు. పెద్ద చదువును ఇంగ్లీషులో కాకుండా దేశభాషలో చెప్పడం ఆ రోజుల్లో గొప్ప సంగతే. కాని ఆ భాష ఉర్దూ. ఊర్లల్లో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష అయ్యేసరికి రైతు పిల్లలకు, కూలీల పిల్లలకు బడి చాలా దూరమైంది. అటు మద్రాసు కింద ఉన్న కోస్తాలో, రాయలసీమలో తెలుగు బళ్ళు ముందే వచ్చాయి, 1926లో ఆంధ్ర యూనివర్సిటీ కూడా వచ్చింది. రెండు ప్రాంతాల చదువుల నడుమ తేడా ఇక్కడే మొదలైంది. 1956లో రెండూ కలిసి ఒక రాష్ట్రం అయినా ఆ తేడా తొందరగా పోలేదు.

1950లో రాజ్యాంగం వచ్చింది. 14 ఏళ్ళ దాకా పిల్లలందరికీ ఉచితంగా, తప్పనిసరిగా చదువు అందించడానికి పదేళ్ళలో ప్రయత్నం చేయాలని 45వ అధికరణంలో రాశారు. అంటే 1960 నాటికి కావాలి. మేం సైటుల్లో పని చేసేవాళ్ళం కాబట్టి గడువు అంటే మాకు బాగా తెలుసు. స్లాబు నెల ఆలస్యమైతే కన్సల్టెంటు ఊరుకోడు. ఈ పని మాత్రం ఏండ్లకేండ్లు ఆలస్యమైనా అడిగినవాడు లేడు. 1991 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాలు వచ్చినవాళ్ళు నూటికి 44 మందే.

చివరికి అడిగింది కోర్టు. అది కూడా మన రాష్ట్రం కేసులోనే. ఇంజినీరింగు, మెడికల్ కాలేజీలు డొనేషన్లు గుంజొద్దని 1983లో ఆంధ్రప్రదేశ్ ఒక చట్టం చేసింది. ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసు తీర్పులో, 14 ఏళ్ళ దాకా చదువు పిల్లల ప్రాథమిక హక్కు అని కోర్టు చెప్పింది. పెద్ద కాలేజీల ఫీజు పంచాయితీలోంచి చిన్న పిల్లల హక్కు బయటికి రావడం విచిత్రమే. 2002లో రాజ్యాంగాన్ని సవరించారు, 2009లో విద్యాహక్కు చట్టం చేశారు, 2010 ఏప్రిల్ 1న అది అమల్లోకి వచ్చింది. 1960కి కావలసింది 2010కి, అదీ కాగితం మీద.

ఈ నడుమ మంచి పనులు కాలేదని కాదు. అన్నింటికంటే ముందు చెప్పాల్సింది గురుకులాల గురించి. 1971లో పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల పెట్టారు. ఊరి పిల్లగాడికి తిండి, బట్ట, పుస్తకం, పండుకోను జాగా అన్నీ ఒకే చోట ఇస్తే వాడు పట్నం పిల్లలతో సమానంగా చదువుతాడన్నది దాని లెక్క. అది నిజమని తేలింది. తర్వాత తాడికొండ, కొడిగెనహళ్ళి వచ్చాయి. 1980లలో దళిత, గిరిజన పిల్లలకు వేరేగా గురుకులాలు వచ్చాయి. తెలంగాణ వచ్చాక బీసీ, మైనారిటీ గురుకులాలు బాగా పెరిగాయి. 2014 మే 25న మాలావత్ పూర్ణ 13 ఏళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కింది. నిజామాబాద్ జిల్లా పాకాల తండా బిడ్డ, చదివింది సాంఘిక సంక్షేమ గురుకులంలో. ఆ వార్త టీవీలో వచ్చిన రోజు మన క్యాంపుల్లో ఎంత సంబురపడ్డామో గుర్తున్నవాళ్ళు ఇంకా ఉన్నారు.

అయితే గురుకులంలో సీటు కొందరికే. మిగిలిన పిల్లలను ఊరి బడికి రప్పించింది మధ్యాహ్న భోజనం అని మా నమ్మకం. 1982లో తమిళనాడులో ఎంజీఆర్ దీన్ని పెద్ద ఎత్తున నడిపారు. 1995లో కేంద్రం పథకం పెట్టింది. కాని మన దగ్గర వండి పెట్టలేదు, నెలకు 3 కిలోల బియ్యం చేతిలో పెట్టారు. ఆ బియ్యం ఇంట్లో అందరి కుండలో కలిసిపోయేవి. 2001 నవంబరులో సుప్రీంకోర్టు, వండిన అన్నమే పెట్టాలని ఆర్డరు ఇచ్చింది. 2003 జనవరి నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రైమరీ బళ్ళల్లో పొయ్యి వెలిగింది. మా ఈడువాళ్ళం అప్పటికి హైస్కూల్లో ఉన్నాం, సద్ది డబ్బాతో పోయేవాళ్ళం. మా తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మాత్రం పళ్ళెం పట్టుకొని లైన్లో నిలబడ్డారు. కూలికి పోయే తల్లికి పొద్దున ఒక పూట వంట తప్పింది, చిన్నపిల్లను చూసుకోను పెద్దపిల్లను ఇంట్లో ఆపడం కొంత తగ్గింది.

ఆ అన్నం వండిన ఆడవాళ్ళ మాట కూడా చెప్పాలి. 2009 నుంచి కేంద్రం లెక్క ప్రకారం వాళ్ళ గౌరవ వేతనం నెలకు 1,000 రూపాయలు. రోజు కూలి కాదు, నెలకు. కొన్ని రాష్ట్రాలు తర్వాత సొంత పైసలు కలిపాయి. బిల్లులు నెలల తరబడి రాకపోతే కిరాణా దుకాణంలో అప్పు పెట్టి మరీ పిల్లలకు వండారు. జీతం ఆగితే ఎట్లుంటదో మనకు వేరే చెప్పాల్నా?

బడిలో చేర్పించడానికి ఇంకో ఉద్యమం నడిచింది. రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి పనిలో ఉన్న పిల్లలను విడిపించి, శిబిరాల్లో కొన్ని నెలలు చదివించి నేరుగా వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టింది. పనిలో ఉన్న పిల్లలకు రాత్రి బడి చాలు అనే మాటను వాళ్ళు ఒప్పుకోలేదు. సర్కారు కూడా ఆ దారిని తర్వాత పట్టింది. 2001 లెక్కల్లో అక్షరాస్యత 60 శాతం దాటింది.

మరి సర్కారు ఎక్కడ తప్పింది? మా ఉద్దేశంలో రెండు చివర్ల. ఒకటి కింద, అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న మొదలైన ఈ పథకం గుడ్డు, పాలు, టీకాల మీద పెట్టిన శ్రద్ధ ఆటపాటల చదువు మీద పెట్టలేదు. ఆ ఖాళీలోకి ప్రైవేటు నర్సరీలు వచ్చాయి. మూడేళ్ళ పిల్లకు టై కట్టి వ్యాను ఎక్కించినంక ఇక సర్కారు బడికి ఎందుకు వస్తది? మన ఓవర్‌టైము పైసలు అక్కడి నుంచే పోవడం మొదలు. సర్కారు బళ్ళల్లోనే ప్రీ ప్రైమరీ తరగతులు పెట్టడం తెలంగాణలో ఈ మధ్యనే మొదలైంది. పునాది వేయకుండా పిల్లర్లు లేపినట్టు ఇన్నేళ్ళు నడిచింది.

రెండోది పైన, కాలేజీ. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. బీసీ, పేద ఇళ్ళ పిల్లలు వేల మంది ఇంజినీరింగు చదివారు, ఆ మేలును కాదనలేం. కాని ఆ పైసలు ఎక్కువగా ప్రైవేటు కాలేజీలకు పోయాయి. సర్కారు పాలిటెక్నిక్కులు, ఐటీఐలు పాత మిషన్లతోనే ఉండిపోయాయి. మేం డిప్లొమాలో నేర్చుకున్న సర్వే పరికరాన్ని ఇక్కడి సైటులో ఎవరూ వాడడం లేదు. టోటల్ స్టేషన్ పట్టుకున్నది ఇక్కడికి వచ్చాకే. 2024లో తెలంగాణలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి మార్చే పని మొదలుపెట్టారు. ఇది ఇరవై ఏళ్ళ కింద కావలసిన పని. ఇక రీయింబర్స్‌మెంట్ బకాయిలు పేరుకుంటే కొన్ని కాలేజీలు పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపి పెట్టుకుంటాయి. ఒరిజినల్ లేకుండా అటెస్టేషన్ కాదు. అటెస్టేషన్ లేకుండా ఇక్కడ ఇంజినీరు వీసా రాదు. డిగ్రీ ఉండి హెల్పరు వీసా మీద దిగిన తమ్ముళ్ళు మన మధ్యలోనే ఉన్నారు.

పంతుళ్ళ సంగతి చూస్తే, తెలంగాణలో 2017 తర్వాత పెద్ద భర్తీ 2024లోనే, 11,062 పోస్టులకు. ఆ ఏడేళ్ళలో ఎన్ని బళ్ళు ఒక్క సారుతో నడిచాయో మీ మీ ఊర్లను తలచుకోండి. ఆంధ్రలో నాడు నేడు, తెలంగాణలో మన ఊరు మన బడి కింద గోడలకు రంగులు, బాత్‌రూములు వచ్చాయి. అవసరమే. కాని గోడ పాఠం చెప్పదు.

విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్‌లో ఒక మాట ఉంది, మన ఇళ్ళకు పనికొస్తది. సర్కారు బడి కమిటీలో మూడొంతులకు తక్కువ కాకుండా, అంటే నలుగురిలో ముగ్గురు, తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. మనం ఇక్కడ ఉన్నా ఇంటి దగ్గర పిల్లల తల్లి ఉంది. ఈసారి ఫోను చేసినప్పుడు ఫీజు ఎంత అని అడిగిన తర్వాత, ఊరి బడి కమిటీ మీటింగు ఎప్పుడో కూడా అడగండి. ఐదో తరగతి గురుకులం పరీక్షకు ఫారం నింపారా లేదా అన్నది కూడా అడగండి. ఆ నోటిఫికేషన్ చలికాలంలో వస్తది, చివరి తేదీ తొందరగా అయిపోతది.