స్టేటర్ గాడిలో అభ్రకం: భారీ విద్యుజ్జనకాల నిర్మాణ చరిత్రలో నెల్లూరు గనుల స్థానం

ఉపోద్ఘాతం

విద్యుజ్జనకాల చరిత్రను సాధారణంగా తిరిగే భాగం వైపు నుండి చెప్తారు. ఆవిరి టర్బైను, నీటి చక్రం, నిమిషానికి మూడువేల చుట్లు తిరిగే రోటరు మొదలైనవన్నీ కంటికి ఆనే విషయాలు. కదలకుండా నిలబడి విద్యుత్తును బయటికి పంపే స్టేటర్‌కు ఆ కథనాలలో దక్కే చోటు తక్కువ. కానీ ఒక్క యంత్రం సామర్థ్యం కిలోవాట్ల నుండి వందల మెగావాట్లకు పెరగడానికి అడ్డుపడినదీ, దారి ఇచ్చినదీ చాలావరకు స్టేటరే. అందులోనూ రాగికీ ఉక్కుకూ నడుమ ఉండే నాలుగైదు మిల్లీమీటర్ల బంధక పొర. ఆ పొరకు ఆధారమైన ఖనిజం అభ్రకం, అంటే మైకా. తెలుగువారు ‘కాకిబంగారం’ అని పిలిచిన ఈ ఖనిజం పందొమ్మిదో శతాబ్దం చివరి నుండి నెల్లూరు జిల్లా గూడూరు, రాపూరు ప్రాంతాల గనులలో పెద్ద ఎత్తున తవ్వబడింది. స్టేటర్ నిర్మాణ చరిత్రను ఈ పొర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తిరిగే తీగచుట్ట నుండి నిలిచిన తీగచుట్టకు

1884లో చార్లెస్ పార్సన్స్ నిర్మించిన తొలి టర్బో జనకం సామర్థ్యం 7.5 కిలోవాట్లు మాత్రమే. అందులో విద్యుత్తు పుట్టే తీగచుట్ట తిరిగే భాగంలోనే ఉండేది. వోల్టేజి తక్కువగా ఉన్నంతకాలం ఈ ఏర్పాటుతో ఇబ్బంది లేదు. వేల వోల్టుల అవసరం వచ్చేసరికి చిక్కు మొదలైంది. వేగంగా తిరుగుతున్న చుట్టకు కట్టిన బంధకం అపకేంద్ర బలానికి నలుగుతుంది. పుట్టిన విద్యుత్తునంతటినీ రాపిడి వలయాల మీదుగా బయటికి తేవాలి. చుట్టను నిలబెట్టి అయస్కాంతాన్ని తిప్పడమే దీనికి విరుగుడు. 1895లో నయాగరా జలపాతం వద్ద నడక మొదలుపెట్టిన 5,000 అశ్వశక్తి యంత్రాలలో తీగచుట్ట లోపల కదలకుండా ఉండగా, అయస్కాంత వలయం గొడుగులా దాని చుట్టూ తిరిగేది. వాటి వోల్టేజి 2,200. తరువాతి టర్బో యంత్రాలలో స్తూపాకారపు రోటరు లోపలికి చేరింది, స్టేటర్ దాని చుట్టూ బయట నిలిచింది. నేటికీ అదే అమరిక.

స్టేటర్ కోర్ ఒకే ఉక్కు దిమ్మె కాదు. అలా చేస్తే మారే అయస్కాంత క్షేత్రం ఆ దిమ్మెలోనే సుడి ప్రవాహాలను పుట్టించి దానిని కాల్చివేస్తుంది. అందుకని అర మిల్లీమీటరుకు మించని మందం గల సిలికాన్ ఉక్కు రేకులను వలయ ఖండాలుగా కత్తిరించి, ప్రతి రేకుకూ వార్నిష్ పూసి, గోడకు ఇటుకలు పేర్చినట్లు ఒక వరుస అతుకు మీద మరో వరుస రేకు వచ్చేలా పేరుస్తారు. పేర్చే కొద్దీ మధ్యమధ్య నొక్కి బిగిస్తారు. బిగింపు తగ్గితే రేకులు కంపించి ఒకదాని వార్నిష్‌ను మరొకటి గీకుతుంది. రెండు రేకులు అంటుకున్న చోట వేడి పుడుతుంది, ఆ వేడికి పక్క రేకు వార్నిష్ కాలుతుంది. పెద్ద కోర్ నాశనం ఇలా ఒక్క గీత నుండి మొదలుకావచ్చు. తీగలు చుట్టకముందే కోర్‌ను అయస్కాంతీకరించి, ఎక్కడ వేడెక్కుతున్నదో చూసే పరీక్ష ఈ అనుభవాల నుండే వచ్చింది.

రెండు ధ్రువాల రోటరు 50 హెర్ట్జ్ వద్ద తిరుగుతున్నప్పుడు స్టేటర్ కోర్‌ను సెకనుకు నూరు సార్లు అండాకారంలోకి లాగి వదులుతుంది. ఏడాదికి ఆరువేల గంటలు నడిచే యంత్రంలో ఈ లాగుడు రెండు వందల కోట్ల సార్లకు పైగా జరుగుతుంది. పునాదికి ఆ కంపనం చేరకుండా కోర్‌ను స్ప్రింగుల మీద నిలపడం పెద్ద యంత్రాలలో తప్పనిసరి అయింది. ‘కదలని భాగం’ అనే మాట ఈ కారణంగా కొంత అపోహకు తావిస్తుంది.

రాగి కడ్డీని అల్లిన విధం

గాడిలో కూర్చునే వాహకం కూడా ఒకే కడ్డీగా ఉండరాదు. గాడి లోతులో అయస్కాంత క్షేత్రం అన్నిచోట్లా సమానం కాదు కాబట్టి కరెంటు కడ్డీ పైభాగానికే తోసుకువస్తుంది. బ్రౌన్ బోవరీ సంస్థ మాన్‌హైమ్ కర్మాగారంలో పనిచేసిన లుడ్విగ్ రోబెల్ 1912లో పేటెంటు పొందిన ఉపాయం దీనికి పరిష్కారం చూపింది. కడ్డీని సన్నని పట్టీలుగా విడదీసి, వాటిని జడలా ఒకదానిపైకి ఒకటి దాటిస్తూ అల్లుతారు. కడ్డీ ఈ కొస నుండి ఆ కొసకు చేరేలోగా ప్రతి పట్టీ గాడిలోని ప్రతి ఎత్తునూ తాకి వస్తుంది. ఫలితంగా అన్ని పట్టీలూ సమానంగా కరెంటు మోస్తాయి. శతాబ్దం గడిచినా ఈ అల్లికను తొలగించే ఉపాయం పెద్ద యంత్రాలలో రాలేదు. పట్టీల వంపు కొట్టే ప్రెస్సులు మారాయి, అల్లిక మారలేదు.

అభ్రకమే ఎందుకు?

తీగలకు కాగితం, నూలుగుడ్డ, పట్టు, వార్నిష్ చుట్టడం తొలినాటి పద్ధతి. కొన్ని వందల వోల్టుల వరకు అవి నిలిచాయి. వేల వోల్టుల వద్ద మరో శత్రువు ఎదురైంది. బంధకం లోపల మిగిలిపోయిన గాలి బుడగలలో అతి చిన్న విద్యుత్ మెరుపులు నిరంతరం పుడతాయి. కాగితాన్నీ గుడ్డనూ అవి రోజురోజుకూ తొలిచివేస్తాయి. అభ్రకం పొటాషియం, అల్యూమినియం కలిసిన సిలికేటు. అది కాలదు, ఆ మెరుపులకు తేలికగా అరగదు, పైగా పొరలుపొరలుగా విడిపోతుంది. ఈ మూడు గుణాలూ ఒక్కచోట ఉన్న ఇంకో పదార్థం ఆనాటి ఇంజనీర్లకు దొరకలేదు. నేటి యంత్రాలలోనూ రెజిన్ మారింది గాని అభ్రకం పోలేదు.

అయితే ఆరు మీటర్ల కడ్డీకి చుట్టేంత పెద్ద పలక ప్రకృతిలో దొరకదు. 1890ల ఆరంభంలో అమెరికాలో డయర్, జెఫర్సన్ అనేవారు మైకాను పలుచని రేకులుగా చీల్చి, లక్కతో ఒకదానికొకటి అతికించి, వేడిచేసి నొక్కి ‘మైకనైట్’ అనే కూర్పు పదార్థాన్ని తయారుచేశారు. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ రేకులలో అధికభాగం, వాటిని అతికించిన లక్క, రెండూ భారతదేశం నుండే వెళ్లాయి. లక్క ఛోటానాగపూర్ అడవులలో మోదుగ, కుసుమ చెట్ల మీది పురుగు స్రవించినది. అభ్రకం హజారీబాగ్, కోడర్మా ప్రాంతాల నుండీ, దాని తరువాతి స్థానంలో నెల్లూరు నుండీ వెళ్లింది. ఐరోపా విద్యుత్ పరిశ్రమ చరిత్రలలో ఈ సంగతి ముడిసరుకు పట్టికలో ఒక వరుసకు మించి కనిపించదు.

నెల్లూరు గనులు

నెల్లూరు అభ్రకం ఎక్కువగా ఆకుపచ్చ ఛాయ గలది. బీహారు ‘రూబీ’ అభ్రకం కంటే విపణిలో దాని పేరు కాస్త తక్కువ, పలకల పరిమాణంలో మాత్రం పైచేయి. ఇనికుర్తి గనిలో పది అడుగుల వెడల్పు గల అభ్రక స్ఫటికాలు బయటపడినట్లు ఇరవయ్యో శతాబ్దపు తొలినాటి గ్రంథాలు నమోదు చేశాయి. భారత భూగర్భ పరిశోధన సంస్థ తరఫున థామస్ హాలండ్ 1902లో వెలువరించిన అభ్రక నిక్షేపాల గ్రంథం నెల్లూరుకు ప్రత్యేక స్థానం ఇచ్చింది. కలిచేడు, తెల్లబోడు, సైదాపురం, ఊటుకూరు వంటి పేర్లు ఆనాటి అభ్రక వ్యాపారంతో ముడిపడినవే.

గనిలో దిగి తవ్వేది ఒక పని, పైకి తెచ్చిన ‘పుస్తకాన్ని’ చీల్చేది మరో పని. స్ఫటికాన్ని అభ్రక పరిభాషలో పుస్తకమనే అంటారు. చిన్న కత్తితో అంచు కత్తిరించి, పగుళ్లు తీసివేసి, మిల్లీమీటరులో నలభయ్యో వంతు మందానికి రేకులు విడదీయాలి. ఈ పని చాలావరకు స్త్రీలు, పిల్లలు చేశారు. యంత్రాలతో చీల్చే ప్రయత్నాలు ఆ చేతుల ముందు నిలవలేదు. చౌక కూలి వల్లనే భారత అభ్రకం ప్రపంచాన్ని ఏలిందన్న వివరణ తరచు వినిపిస్తుంది. అందులో నిజం ఉంది, కానీ అది సగమే. ఏ మచ్చ ఇనుము మరక, ఏ మచ్చ కేవలం గాలి, ఏ పొర ఎక్కడ చీలుతుంది అన్న తెలివిడి కూలి రేటులో కనిపించదు. రంగు, మచ్చ, పరిమాణాన్ని బట్టి గ్రేడు కట్టి పెట్టెలకెత్తిన రేకులు లండన్ విపణికి చేరాక గని పేరు చెరిగిపోయి గ్రేడు పేరే మిగిలేది.

ఆ కాలపు వ్యాపార స్వరూపానికి ఒక పోలిక చాలు. 1902లో కావేరి మీది శివసముద్రం నుండి కోలారు బంగారు గనులకు విద్యుత్తు పంపిన జనకాలను అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ సమకూర్చింది. అప్పటికే నెల్లూరు అభ్రకం ఓడలెక్కుతున్నది. చీల్చిన రేకు బయటికి, చుట్టిన స్టేటర్ లోపలికి. నడుమ జరిగిన పని విలువ ఇక్కడ మిగలలేదు.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో అభ్రకం యుద్ధ సామగ్రి అయింది. రేడియో పరికరాలకు అది కీలకం కావడంతో బ్రిటన్, అమెరికాలు కలిసి భారతదేశంలో కొనుగోలు బృందాన్ని నిలిపాయి. యుద్ధానంతరం 1946లో అభ్రక గని కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది. కార్మికులకు వైద్యం, విద్య వంటి సదుపాయాలు కల్పించడం ఆ నిధి లక్ష్యం.

తారు పగుళ్లు, రెజిన్ రాక

స్టేటర్ వైపు చూస్తే 1920ల నుండి లక్క స్థానంలోకి తారు వంటి బిటుమెన్ వచ్చింది. అది వేడికి మెత్తబడి ఖాళీలను నింపేది. యంత్రాలు పొడవు పెరిగిన కొద్దీ ఆ గుణమే దోషమైంది. ఆరు మీటర్ల రాగి కడ్డీ అరవై డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఆరు మిల్లీమీటర్లు సాగుతుంది. చుట్టూ ఉన్న ఉక్కు అంత సాగదు. యంత్రం ఆగి చల్లబడితే రాగి వెనక్కి వస్తుంది, మెత్తబడి జరిగిన తారు మాత్రం వెనక్కి రాదు. ఇలా మళ్లీమళ్లీ జరిగి, కోర్ కొసల వద్ద బంధకం చుట్టూ పగుళ్లు పడడం అప్పటి పెద్ద యంత్రాలలో గుర్తించారు. దీనికి జవాబుగా వెస్టింగ్‌హౌస్ 1950 ప్రాంతంలో పాలియెస్టర్ రెజిన్‌తో ‘థర్మలాస్టిక్’ను ప్రవేశపెట్టింది. తరువాత ఎపాక్సీ రెజిన్లు స్థిరపడ్డాయి. శూన్యంలో గాలి లాగివేసి, ఒత్తిడితో రెజిన్ ఎక్కించి, వేడిచేసి గట్టిపరచడం నేటి పద్ధతి.

శీతలీకరణలో వచ్చిన మార్పు కూడా ఇదే కాలానిది. 1937లో అమెరికాలోని డేటన్‌లో హైడ్రోజన్‌తో చల్లబరిచే టర్బో జనకం పని మొదలుపెట్టింది. 1950ల మధ్యలో బ్రిటన్‌లో స్టేటర్ కడ్డీ లోపలి గొట్టపు పట్టీల గుండా నీటినే పంపారు. రాగికి తగులుతూ పారే నీరు విద్యుత్తును మోయకుండా ఉండాలంటే అది అత్యంత శుద్ధంగా ఉండాలి. 500 మెగావాట్ల జనకంలో 21 కిలోవోల్టుల వద్ద ఒక్కొక్క ఫేజులో సుమారు 16,000 ఆంపియర్లు పారుతాయి. నీరు లేకుండా అంత కరెంటును ఆ కొలతల గాడిలో ఇమడ్చడం అసాధ్యం.

అభ్రక కాగితం

గూడూరు ప్రాంతాన్ని దెబ్బతీసిన మార్పు రెజిన్ కాదు, దానితోపాటు వచ్చిన అభ్రక కాగితం. 1940లలో ఫ్రాన్స్‌లోనూ అమెరికాలోనూ రూపుదిద్దుకున్న ఈ పద్ధతిలో తుక్కు అభ్రకాన్ని సూక్ష్మమైన పొలుసులుగా విడగొట్టి, నీటిలో కలిపి, కాగితపు యంత్రం మీద పరుస్తారు. మందం అంతటా ఒక్కటే. గాజునేత వెనుక అతికించి పట్టీగా కోస్తే యంత్రమే కడ్డీకి చుట్టగలదు. ఇంజనీరుకు ఇది మేలు. చేతితో చీల్చిన రేకుల ఎగుడుదిగుడు పోయింది. అంతవరకు గని ఒడ్డున పారబోసిన తుక్కుకు ధర వచ్చింది, పెద్ద పలకకూ చీల్చే చేతికీ ధర పడిపోయింది. అభ్రకం అవసరం తీరిపోవడం వల్ల గనులు మూతపడ్డాయన్న అభిప్రాయం కనుక సరికాదు. అవసరం నిలిచింది, నైపుణ్యం పనికిరాకుండా పోయింది.

స్వదేశీ స్టేటర్లు

ఇదే దశకాలలో తెలుగు నేల మీద మరో పని మొదలైంది. చెకోస్లొవేకియా సహకారంతో హైదరాబాదు సమీపంలోని రామచంద్రాపురంలో 1960లలో భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం వెలసింది. 110 మెగావాట్ల తరగతి జనకాలు అక్కడ తయారయ్యాయి. సోవియట్ సహకారంతో వెలసిన హరిద్వార్ కర్మాగారం 200 మెగావాట్ల యంత్రాలను, తరువాత జర్మన్ సంస్థ పరిజ్ఞానంతో 500 మెగావాట్ల యంత్రాలను చేపట్టింది. రామగుండంలో 200, 500 మెగావాట్ల యూనిట్లు రెండూ ఉన్నాయి.

జలవిద్యుత్ స్టేటర్ తీరు వేరు. వ్యాసం చాలా పెద్దది కనుక దానిని ఖండాలుగా తెచ్చి కేంద్రంలోనే కలుపుతారు. ఖండాల అతుకుల వద్ద కోర్ సడలి మోగడం వల్ల, తరువాతి కాలంలో రేకులను కేంద్రంలోనే పూర్తి వలయంగా పేర్చడానికి మొగ్గు చూపారు. శ్రీశైలం ఎడమగట్టు, నాగార్జునసాగర్ కేంద్రాలలోని రివర్సిబుల్ యంత్రాలు పంపులుగానూ పనిచేస్తాయి. రోజుకు పలుమార్లు ఆగి మొదలయ్యే ఇటువంటి యంత్రాలలో, తారు కాలంలో కనిపించిన సాగుడు ముడుచుకోవడాల ఒత్తిడి మళ్లీ ముఖ్యమవుతుంది.

మూడు నాలుగు దశాబ్దాలు నడిచిన స్టేటర్‌కు కొత్త కడ్డీలు వేసేటప్పుడు పాత కడ్డీలను గాడుల నుండి ఊడదీస్తారు. వాటి మీది పొరను ఒలిచి, రాగిని తూకం వేసి అమ్ముతారు. ఒలిచిన పొరకు తూకం లేదు.