ఒంగోలు మాదిగ క్రైస్తవోద్యమం

ఒంగోలు మాదిగ క్రైస్తవోద్యమం 1866లో మొదలై, ఆనాటి నెల్లూరు జిల్లా ఉత్తర తాలూకాల్లోనూ చుట్టుపక్కల జిల్లాల సరిహద్దు పల్లెల్లోనూ వ్యాపించిన సామూహిక మత పరివర్తన. చరిత్ర పుస్తకాల్లో ఇది ఎక్కువగా అమెరికన్ బాప్టిస్టు మిషన్ విజయంగా, జాన్ ఎవరెట్ క్లౌ అనే ఒక్క దొర జీవిత కథగా కనిపిస్తుంది. క్లౌ పాత్ర పెద్దదే. అయితే క్రీస్తు మాటను మొదట నమ్మి, దానికోసం దెబ్బలు తిని, పల్లె నుంచి పల్లెకు మోసుకుపోయినవాళ్లు చెప్పులు కుట్టుకునే మాదిగలు. దేవుడు పిలిచాడని నమ్మినవాడు ఉన్న చోటు వదిలి బయల్దేరడం బైబిల్లో అబ్రాహాము నాటి నుంచీ ఉన్నదే. ఒంగోలు పల్లెల్లో విశ్వాసులు ఎక్కడికీ వెళ్లలేదు. అదే మాదిగపల్లెలో ఉండి, అదే ఆసాముల పొలాల్లో పని చేసుకుంటూ, అదే కరణం, మునసబు కళ్లెదుట మాట నిలబెట్టుకోవలసి వచ్చింది. వీళ్ల విధేయతకు ఇంత వెల పడింది అందువల్లనే.

ఒంటరి నక్షత్రం

బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో తెలుగు దేశానికి వచ్చాడు. విశాఖపట్నం, శ్రీకాకుళం, మద్రాసు తిరిగి 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. పన్నెండేళ్లు గడిచినా సంఘంలో చేరినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆరోగ్యం చెడి స్వదేశం వెళ్లిన డే మళ్లీ వచ్చేటప్పుడు లైమన్ జూయెట్‌ను వెంట తెచ్చుకున్నాడు. 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన మిషన్ వార్షిక సభలో నెల్లూరు కేంద్రాన్ని మూసేయాలన్న ప్రతిపాదన వచ్చింది. పటంలో బంగాళాఖాతానికి ఈ వైపున ఆ మిషన్‌కు ఉన్న చుక్క అదొక్కటే. శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఆ ఒంటరి నక్షత్రం మీద రాసిన పద్యం సభ్యుల మనసు మార్చిందంటారు. ‘లోన్ స్టార్’ మిషన్ అన్న పేరు అప్పటి నుంచి స్థిరపడింది.

1854 జనవరి 1 తెల్లవారుజామున జూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు పక్కనున్న గుట్ట ఎక్కి ఈ ఊరికి ఒక మిషనరీ కావాలని ప్రార్థించారు. ఆ ముగ్గురిలో నెల్లూరు జూలియా ఒకరు. ఆ గుట్టను ఈనాటికీ ప్రార్థన కొండ అనే పిలుస్తారు. 1862లో మూసివేత మాట మళ్లీ లేచింది. సెలవు మీద అమెరికాలో ఉన్న జూయెట్, మీరు పంపినా పంపకపోయినా నేను వెళ్తాను, తెలుగువాళ్ల మధ్యే చస్తాను అని తెగేసి చెప్పాడు. అయితే నిన్ను పూడ్చిపెట్టడానికైనా ఒకరిని తోడు పంపాలి అని కార్యదర్శి జవాబిచ్చినట్టు మిషన్ చరిత్రకారులు రాశారు. ఆ తోడు వచ్చినవాడే క్లౌ. 1864 చివర ఓడెక్కి 1865లో చేరాడు. అంతకుముందు అతను అమెరికా పశ్చిమ ప్రాంతంలో భూములు కొలిచే సర్వేయరు. ఆ పనితనం తరువాత ఒక కాలువ గట్టున అక్కరకు వచ్చింది.

ఎర్రగుంట్ల పేరయ్య

ఎర్రగుంట్ల పేరయ్య ఒంగోలుకు దాదాపు 40 మైళ్ల దూరంలోని తాళ్లకొండపాడు మాదిగపల్లె మనిషి. తోలు వ్యాపారం చేసేవాడు. క్రైస్తవం వినకముందే అతనిలో వెతుకులాట ఉంది. ఒక స్త్రీ గురువు దగ్గర రాజయోగం నేర్చుకుని, కళ్లు మూసుకుని ధ్యానంలో కూర్చునేవాడు. తనకూ కొందరు శిష్యులు ఏర్పడ్డారు. ఆ రోజుల్లో విగ్రహాలు వద్దనీ దేవుడు ఒక్కడేననీ చెప్పే గురువుల మాటలు అంటరాని పల్లెల్లోకి బాగా చొచ్చుకొని వచ్చాయి. ఒంగోలు ఉద్యమానికి నేల దున్నినవాళ్లు ఈ పేరు తెలియని గురువులేనని నా అభిప్రాయం. క్లౌ రెండవ భార్య ఎమ్మా రాషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన ‘వైల్ సూయింగ్ శాండల్స్’ అనే పుస్తకంలో ఈ వైపును శ్రద్ధగా నమోదు చేసింది. మిషనరీ సాహిత్యంలో అంత శ్రద్ధ అరుదు.

వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు పేరయ్య అక్కడి మిషనరీ నోట క్రీస్తు మాట విన్నాడు. ఇన్నాళ్లూ తాను వెతుకుతున్నది ఇదేనని అతనికి అనిపించింది. ఇంటికి వచ్చి భార్యకు చెప్పాడు, కులస్థులకు చెప్పాడు. అప్పటికింకా బాప్తిస్మం ఇచ్చేవాళ్లెవరూ దగ్గరలో లేరు. ఎగతాళి చేసినవాళ్ల మధ్యనే తనకు తెలిసినంతలో ప్రార్థన చేసుకుంటూ వచ్చాడు. 1866లో జూయెట్ ఒంగోలు వచ్చాడని తెలిసి భార్యతో కలిసి నడిచివెళ్లి బాప్తిస్మం తీసుకున్నాడు. క్లౌ కాపురం ఒంగోలుకు మారింది ఆ సంవత్సరం సెప్టెంబరులో. అంటే మిషనరీ వచ్చి మాదిగపల్లె తలుపు తట్టలేదు. మాదిగపల్లె నుంచే మనిషి నడిచివచ్చి అతని కోసం కాచుకున్నాడు.

1867 జనవరి 1న ఒంగోలు సంఘం 8 మంది సభ్యులతో ఏర్పడింది. ఆ నెలలోనే పేరయ్య పిలుపు మీద క్లౌ తాళ్లకొండపాడు వెళ్లి చింతతోపులో గుడారం వేశాడు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి మాదిగలు చద్దిమూటలు కట్టుకుని వచ్చారు. పేరయ్య చెప్పినది నిజమో కాదో తేల్చుకునేదాకా కదలమన్నట్టు రోజుల తరబడి అక్కడే కూర్చున్నారు. 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఈ వార్త ఒంగోలుకు చేరేసరికి మిషన్‌కే పరీక్ష వచ్చింది. అంతకుముందు కొందరు బ్రాహ్మణులు, ఇతర పై కులాలవారు క్లౌ బోధ వింటున్నారు, పిల్లల్ని అతని బడికి పంపుతున్నారు. మాదిగలను చేర్చుకుంటే మేం రాము అని వాళ్లు తేల్చిచెప్పారు. నాలుగు పెద్ద కుటుంబాలు ముందు వస్తే ఊరంతా వెనక వస్తుందన్నది ఆనాటి చాలామంది మిషనరీల లెక్క. ఒక సాయంత్రం క్లౌ, అతని భార్య హ్యారియెట్ వేర్వేరు గదుల్లో బైబిలు తెరిచారట. ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో ఒకే భాగం, దేవుడు లోకం చిన్నచూపు చూసినవాళ్లనే ఎన్నుకున్నాడని చెప్పే భాగం కనబడిందని క్లౌ రాసుకున్నాడు. వాళ్లు మాదిగలను చేర్చుకున్నారు. బడి ఖాళీ అయింది.

మూడు కట్టుబాట్లు

సంఘంలో చేరేవాళ్లకు క్లౌ పెట్టిన కట్టుబాట్లు మూడు: ఆదివారం పని మానాలి, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. కాగితం మీద ఇవి చిన్నవి. పల్లెలో వీటి బరువు తెలియాలంటే మాదిగ కుటుంబానికి ఊరితో ఉన్న లెక్క తెలియాలి.

ప్రతి మాదిగ ఇల్లూ కొన్ని రైతు ఇళ్లకు తరతరాలుగా కట్టుబడి ఉండేది. చెప్పులు, ఎద్దుల మెడపట్టెడలు, బావి నుంచి నీళ్లు తోడే తోలు బానలు కుట్టి ఇవ్వాలి. విత్తనాల వేళా కోతల వేళా పిలిస్తే పనికి రావాలి. దానికి బదులు కళ్లంలో ఇంత ధాన్యం కొలుస్తారు. ఆసామి ఇంట చచ్చిన గొడ్డు మాదిగకే చెందుతుంది: తోలు లందలోకి, మాంసం కుండలోకి. ఊరి అమ్మవారి కొలువుకు డప్పు కొట్టవలసినది కూడా అతనే.

విగ్రహారాధన మానడమంటే డప్పు కొట్టడం మానడమే. మాదిగ డప్పు లేకుండా పోలేరమ్మ జాతర సాగదు. జాతర సాగకపోతే అమ్మవారు కోపగించి కలరానో మశూచినో పంపుతుందని ఊరు భయపడేది. కనుక డప్పు వద్దన్న మాదిగ తన మతం తాను చూసుకున్నవాడిగా కాక ఊరి ప్రాణం మీదికి తెచ్చినవాడిగా కనిపించాడు. ఆదివారం సంగతీ అంతే. పొలానికి అదును ఆదివారమని ఆగదు; ఆ రోజు రానన్న కూలీ మీద రైతుకు కోపం రావడానికి మతంతో పనిలేదు.

ఊళ్లు ఊరుకోలేదు. విశ్వాసులను కొట్టారు. నీళ్లకు అడ్డం పెట్టారు. సరుకు అమ్మవద్దని కోమటికీ, కుండలు ఇవ్వవద్దని కుమ్మరికీ చెప్పారు. పశువులను మేత బీళ్ల నుంచి తరిమారు, కళ్లంలో ఇవ్వవలసిన ధాన్యం ఎగ్గొట్టారు. దొంగతనం మోపి కచేరీకి ఈడ్చిన సందర్భాలూ ఉన్నాయి. క్లౌ ఆంగ్ల అధికారులతో మాట్లాడి కొన్ని కేసులు కొట్టివేయించగలిగాడు. కానీ దొర ఒంగోలులో ఉండేవాడు, విశ్వాసి ఊళ్లో ఉండేవాడు. క్లౌ వెళ్లిపోయిన మర్నాడు ఆ ఊళ్లో ఏం జరిగిందో చాలాసార్లు ఏ రికార్డుకూ ఎక్కలేదు.

సొంత కులంలోనూ తెగతెంపులు తప్పలేదు. జాతరలో పాలుపంచుకోని ఇంటికి పిల్లనిచ్చేదెవరు? చచ్చిన గొడ్డును ముట్టనివాడు పదిమందితో కలిసి ఎలా తింటాడు? ఇవన్నీ తెలిసే వాళ్లు చేరారు. వెనక్కి వెళ్లినవాళ్లు లేకపోలేదు. నిలబడినవాళ్లలోంచి బోధకులు పుట్టారు. బట్టల మూట, చేతికర్ర, పాటలతో ఊరూరా తిరిగిన ఈ బోధకులకు చదువు తక్కువ. వాళ్లకు శిక్షణ ఇవ్వడానికి రామాపట్నంలో వేదాంత పాఠశాల వెలిసింది.

కరువు, కాలువ, వెల్లంపల్లి

1876-78 కరువు మద్రాసు ప్రెసిడెన్సీని నలిపేసింది. పశువులు కుప్పకూలాయి. చచ్చిన గొడ్డు మాంసం మానిన మాదిగకు ఆ రోజుల్లో ఆ కట్టుబాటు ఎంత కఠినంగా తోచి ఉంటుందో ఊహించవచ్చు. ప్రభుత్వం కరువు పనిగా తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టును క్లౌ తీసుకున్నాడు. పాత సర్వేయరు కాబట్టి కొలతలు తానే చూసుకున్నాడు, బోధకులను మేస్త్రీలుగా పెట్టాడు. కూలీలు సేదతీరే వేళ బోధకులు వాళ్ల మధ్య కూర్చుని మాట్లాడేవారు. ఆకలితో ఉన్నవాడికి కూలీతో పాటు సువార్త కూడా అందింది.

ఇక్కడ క్లౌ తీసుకున్న నిర్ణయం ఉద్యమ చరిత్రలో ముఖ్యమైనది. కరువు ఉన్నంతకాలం, 1877 మార్చి నుంచి దాదాపు 15 నెలలు, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. వేలమంది అడిగారు. గింజల కోసం వస్తున్నారో దేవుడి కోసం వస్తున్నారో తేలేదాకా ఆగుదామన్నాడు. కరువు సాయం ఆగిపోయాక, ఇక ఇవ్వడానికి నా దగ్గరేమీ లేదు, రావద్దు అని కబురు కూడా పంపాడు. అయినా వచ్చారు. డబ్బు వద్దు, బాప్తిస్మమే కావాలన్నారు.

1878 జూలై మొదటి వారంలో ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో జనం గుమిగూడారు. ముందు కొన్ని రోజులు ఏ ఊరి బోధకుడు ఆ ఊరివాళ్లను విడివిడిగా కూర్చోబెట్టి పరీక్షించాడు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం తీసుకున్నారు. 3వ తేదీన నీళ్లలో నిలబడినవాళ్లు ఆరుగురు తెలుగు పాదిరులు, ఒక్కసారికి ఇద్దరు. ఆ ఇద్దరూ అలసిపోతే మరో ఇద్దరు దిగేవారు. ఒడ్డున పేరు చదువుతారు, మనిషి నీళ్లలోకి నడుస్తాడు, ముంచి లేపుతారు, తరువాతి పేరు. పొద్దున మొదలై, మధ్యాహ్నం ఎండకు ఆగి, చీకటిపడే వేళకు ముగిసింది. మొత్తం దాదాపు 9 గంటలు. ఆ సంవత్సరాంతానికి ఆర్నెల్లలో 9 వేలకు పైగా మంది చేరారు.

ఇంత వేగంగా వచ్చినవాళ్లు నిలుస్తారా అని అమెరికాలోనే సందేహించారు. తిండికోసం మతం మారారన్న నింద ఈనాటికీ వినిపిస్తుంది. మొత్తం చరిత్ర ముందు పెట్టుకుని చూస్తే ఆ నింద న్యాయమైనది కాదు. గింజలు దొరికే రోజుల్లో బాప్తిస్మం దొరకలేదు. బాప్తిస్మం దొరికిన రోజుల్లో గింజలు లేవు. తాళ్లకొండపాడువాళ్లు చేరేనాటికి కరువే లేదు, ఆసామి కర్ర మాత్రం ఉంది. పై మెట్టు ఎక్కాలన్న ఆశ, గౌరవంగా బతకాలన్న ఆశ ఇందులో కలిసి ఉన్నమాట నిజం. ఆ రెంటినీ దైవభక్తి నుంచి విడదీసి తూచవలసిన అవసరం నాకు కనిపించదు. క్లౌ కూడా ఆ ముడిని గుర్తించాడు. 1910లో అతను చనిపోయాక ఎమ్మా కూర్చి 1914లో వెలువరించిన అతని ఆత్మకథ పేరే ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియెంట్’.

తరువాతి కాలం

1903లో తెలుగు బాప్టిస్టులు తామే ఒక మిషనరీని సముద్రం దాటించారు. దక్షిణాఫ్రికాలోని నాటాల్ తోటల్లో కట్టుకూలీలుగా ఉన్న తెలుగువాళ్ల దగ్గరికి నెల్లూరు ప్రాంతపు జాన్ రంగయ్యను పంపారు. కియర్స్‌నీ తేయాకు తోటల్లో అతను మొదలుపెట్టిన సంఘం నుంచి నాటాల్ అంతటా తెలుగు బాప్టిస్టు సంఘాలు పుట్టాయి. 1915లో అక్కడే కన్నుమూశాడు.

స్వదేశంలో వెల రూపం మార్చుకుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కుల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు, క్రైస్తవులకు ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్‌లో దళిత క్రైస్తవులు ఒక శాతం రిజర్వేషన్ ఉన్న బీసీ-సీ జాబితాలో ఉన్నారు. అంటరానితనం చర్చి గుమ్మం దగ్గర ఆగిపోలేదని ఏ పల్లెనడిగినా చెబుతుంది. హోదా మాత్రం ఆగిపోయింది.

1994 జూలై 7న ఒంగోలు ప్రాంతంలోనే, ఈదుముడి గ్రామంలో, మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. దండోరా పేరుతో డప్పునే జెండాగా ఎత్తింది. క్రైస్తవ తాతలు జాతరలో కొట్టనన్న డప్పును మనవలు హక్కుల కోసం కొట్టారు. నా దృష్టిలో ఈ రెండింటికీ వైరం లేదు: ఇద్దరూ ఎవరి కోసం కొట్టాలో తామే తేల్చుకున్నారు. దళిత క్రైస్తవుల హోదాను పరిశీలించడానికి కేంద్రం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. వాళ్లకు షెడ్యూల్డు కుల హోదా ఇవ్వాలని కోరుతూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసింది. జాబితా మార్చే అధికారం పార్లమెంటుది. ఆ మార్పు జరగనంతవరకు బాప్తిస్మాన్ని కాగితం మీద ఒప్పుకున్న కుటుంబం కుల ధ్రువపత్రాన్ని వదులుకోవలసిందే. పిల్లల చదువు కోసం ఒప్పుకోకుండా మిగిలిపోయిన కుటుంబాలు కోస్తా జిల్లాల సంఘాల్లో ఎన్నో ఉన్నాయి.